సైనిక చిహ్నములు - వాని కాలనిర్ణయము

పశ్చిమ ప్రకాశపు పల్లెలలో సైన్యమునకు పోయివచ్చినవారి యిండ్లు తక్కువ కావు. గిద్దలూరు, కొమరోలు, రాచర్ల వైపు గ్రామములకు ఈ విషయమున పేరే కలదు. వానను నమ్ముకొనిన మెట్టసీమలో నెలజీతమును, పింఛనును గల కొలువు సైన్యమే యగుటచే అన్న వెనుక తమ్ముడు, తండ్రి వెనుక కొడుకు పటాలములలో చేరుచు వచ్చిరి. అయితే తమ కొలువును గూర్చి వ్రాసి పెట్టినవారు మిక్కిలి అరుదు. ఇంటికి మిగిలినది ట్రంకుపెట్టె అడుగున నాలుగు ఇత్తడి గుండీలు, ఒక టోపీబిళ్ల, రంగు వెలసిన రిబ్బనుతో ఒకటి రెండు పతకములు. తాతగారు జర్మనీ యుద్ధమునకు పోయిరని యింటివారు చెప్పుదురు. ఏ జర్మనీ యుద్ధము? 1914 నాటిదా, 1939 నాటిదా? ఏ పటాలము? సముద్రము దాటి చేరిన రేవు ఏది? చెప్పగలవారు గతించిరి. పాత ఇత్తడి కొనువాడు వీధిలోనికి వచ్చిననాడు ఆ మూట తక్కెడలో పడును.

ఆ మూటలోని ప్రతి బిళ్లమీదను దాని కాలము వ్రాసియే యున్నది. కిరీటపు వంపులో కొంత, అక్షరముల వరుసలో కొంత, వెనుకవైపు అతుకులో కొంత, పతకపు అంచులో కొంత దాగియున్నది. దానిని చదువుటకు భూతద్దము, మంచి వెలుతురు, కొంత ఓపిక చాలును. సైనిక చిహ్నములను సేకరించువారు దేశదేశములందు శతాధిక వత్సరములనుండి ఈ విద్యను సాధించుచున్నారు. వారు కనిపెట్టిన గుర్తులను మన పెట్టెలకు అన్వయించి చూచిన, ఏ పుస్తకమునను లేని గ్రామచరిత్ర కొంత బయటపడును.

మొదట చేయవలసిన పని ఏరివేత. ఇండ్లలో దొరకు ఇత్తడి బిళ్లలన్నియు సైన్యమువి కావు. బంట్రోతుల డవాలీ బిళ్లలు, పోలీసు గుండీలు, రైల్వే కొలువువారి బిళ్లలు వానితో కలిసి యుండును. గిద్దలూరు, కంభము, మార్కాపురము రోడ్డు, దొనకొండ స్టేషనులమీదుగ పోవు గుంతకల్లు-బెజవాడ రైలుమార్గము ఒకప్పుడు మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే కంపెనీ క్రింద నుండెను. ఎమ్., ఎస్., ఎమ్., ఆర్. అను అక్షరములు గల బిళ్ల దొరకినచో అది రైల్వేది. ఆ పేరు 1908లో వచ్చి, 1951 ఏప్రిల్ నెలలో సదరన్ రైల్వే ఏర్పడుటతో పోయినది. అట్లే దొనకొండలో రెండవ ప్రపంచయుద్ధ కాలమున విమానాశ్రయము నిర్మింపబడినది. ఆ పరిసరములలో కిరీటము క్రింద రెక్కలు చాచిన డేగ గల గుండీ కనబడినచో అది బ్రిటిషు విమానదళపు సిబ్బంది జారవిడిచినదై యుండవచ్చును. వస్తువు దొరకిన చోటు వేరు, దాని యజమాని ఊరు వేరు అను సంగతిని సేకరించువాడు సదా మనసున నుంచుకొనవలెను.

సైన్యమువని తేలినవానిలో ముందు చూడవలసినది కిరీటము. విక్టోరియా రాణి కాలపు కిరీటమునకు పైకమానులు ఇరుప్రక్కల మూపురములవలె లేచి నడుమ క్రుంగియుండును. 1901లో ఆమె మరణించి ఏడ్వర్డు రాజు గద్దె నెక్కగానే ఆ రూపు మారినది. రాజుల కిరీటమునకు నడుమ క్రుంగుట లేదు. కమానులు గోపురపు కప్పువలె గుండ్రముగ నుండును. ఏడ్వర్డు, అయిదవ జార్జి, ఆరవ జార్జి కాలములందు, అనగా 1901నుండి 1952వరకు, ఈ గుండ్రని కిరీటమే సాగినది. పిమ్మట ఎలిజబెత్ రాణి కాలమున ఇంగ్లండులో మరల నడుమ క్రుంగిన కిరీటము వచ్చినది. అప్పటికి భారతదేశము గణతంత్రరాజ్యమై కిరీటమునే తీసివైచినది. కావున మన సైనికుని పెట్టెలో క్రుంగిన కిరీటము కనబడినచో అది 1901కి పూర్వపు అచ్చు కావలెను, లేదా 1952 తరువాతి బ్రిటిషు సరకు కావలెను. రెండవదైనచో అది ఈ యింటికెట్లు చేరెనని ప్రశ్నింపవలెను.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. రాజు మారిననాడే సిపాయి టోపీమీది బిళ్ల మారదు. పాత సరకు తీరువరకు పాతదానినే తొడిగినారు. కిరీటము చెప్పు సాక్ష్యము ఇంతకు ముందుది కాదు అనుటకు గట్టిది; ఇంతకు తరువాతిది కాదు అనుటకు అంత గట్టిది కాదు. ఈ భేదమును గుర్తింపక తొందరపడి తారీఖు కట్టువారే ఎక్కువ.

కిరీటము క్రింద పెనవేసిన అక్షరములు రెండవ సాక్షి. వి.ఆర్. అనగా విక్టోరియా రాణి. దాని చివర ఐ అను అక్షరము చేరినచో భారత చక్రవర్తిని అని అర్థము. ఆ బిరుదు 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో ప్రకటింపబడినందున, వి.ఆర్.ఐ. గల బిళ్ల అంతకు పూర్వముది కాజాలదు. జి.ఆర్.ఐ. అనునది జార్జి రాజులది. వారిరువురిలో ఎవరని సందేహము కలిగినచో, నడుమ చిక్కుకొనియున్న రోమను అంకెను చూడవలెను. అయిదునకు ఒక్క వి మాత్రమే, ఆరునకు వి పక్క ఐ యుండును. చక్రవర్తి బిరుదును ఆరవ జార్జి 1948 జూన్ 22న వదలుకొనెను. పతకములమీద అక్షరములతోపాటు ముఖబింబమును ఉండును. పాత రూపాయలు చూచినవారికి ఆ ముఖములు క్రొత్త కావు. అయిదవ జార్జి 1911 రూపాయ మీద రాజు వస్త్రముపై చెక్కిన ఏనుగు పందివలె కనబడుచున్నదని ప్రజలలో గగ్గోలు పుట్టి, ఆ అచ్చును నిలిపి 1912లో తొండము స్పష్టముగ కనబడు క్రొత్త అచ్చును తెచ్చిరి. చిహ్నమున చిన్న గీత తప్పినను ప్రభుత్వము దిద్దుకొనవలసి వచ్చుననుటకు ఆ రూపాయ చక్కని నిదర్శనము. సేకరించువారికి అట్టి తప్పులే తారీఖులగును.

మన సీమకు సంబంధించినంతవరకు కథ కిరీటముకంటె పాతది. ఈస్టిండియా కంపెనీవారు కవాతు నేర్పి తయారుచేసిన తొలి సిపాయిలలో తెలుగువారు పెక్కుమంది. ఆ కారణముననే ఉత్తరదేశమున కంపెనీ సిపాయి ఏ జాతివాడైనను తిలంగా అనియే పిలువబడెను. 1857లో ఢిల్లీ ప్రజలు సైతము తిరుగబడిన సిపాయిలకు ఆ పేరే వాడిరి. మన జాతిపేరు ఒక ఉద్యోగపు పేరుగా మారిన విచిత్రమిది. 1799 మే 4న శ్రీరంగపట్టణము పట్టుబడిన తరువాత కంపెనీవారు ఒక పతకము పోయించిరి. దానిమీద బ్రిటిషు సింహము టిప్పు పులిని అణచుచున్నట్లు చిత్రింపబడినది. దొరల పెద్దలకు బంగారము, తరువాతివారికి బంగారు మలామా పూసిన వెండి, ఆపై వెండి, ఆపై కంచు, కట్టకడపట సిపాయికి తగరము. లోహమును చూచిన హోదా తెలియును. ఆ మరుసటి యేడు, 1800లో, నిజాము దత్తమండలములను కంపెనీకి వదలుటతో కంభము వైపు సీమ దొరల పాలనలోనికి వచ్చినది; 1801లో నెల్లూరు సీమయు వచ్చినది.

తరువాత వచ్చినది ఏనుగు. 1803 సెప్టెంబరు 23న అస్సాయి యుద్ధమున ఆర్థరు వెల్లెస్లీ, సింధియా భోంసలే సేనలను గెలిచెను. అందు పోరాడిన మద్రాసు పటాలములకు ఏనుగు చిహ్నము గౌరవార్థము ప్రసాదింపబడినది. నేటి మద్రాసు రెజిమెంటు బిళ్లమీద డాలు, రెండు కత్తుల నడుమ కనబడు ఏనుగు ఆ యుద్ధమునాటిదే. ఏనుగు కనబడగానే ఇది మన మద్రాసు పటాలమని నిశ్చయింపరాదు. అదే యుద్ధమున నిలిచిన స్కాట్లండు పటాలమొకటి తరువాత హైలాండ్ లైట్ ఇన్‌ఫంట్రీలో కలియుటచే ఆ దళపు టోపీబిళ్లమీదను అస్సాయి పేరును, ఏనుగును కలవు. మండుచున్న గుండుమీద పులి, ఏనుగు రెండును కలిసి యున్నచో అది రాయల్ డబ్లిన్ ఫ్యూసిలియర్సు బిళ్ల. ఆ ఐరిషు పటాలము కంపెనీవారి మద్రాసు, బొంబాయి తెల్లదళములనుండి పుట్టి, ఐర్లండు స్వతంత్రమగుచుండగా 1922లో రద్దయినది. తెల్లసోల్జరు ఇచ్చిన బిళ్లయో, సంతలో కొన్నదియో మన యింటి పెట్టెలో చేరి తాత బిళ్లగా చెలామణి యగుట అసంభవము కాదు.

అన్నిటికంటె ఖచ్చితముగ కాలము చెప్పునవి గుండీలమీది అంకెలు. ఇక్కడ మద్రాసు సైన్యపు చరిత్ర కొంత తెలియవలెను. మద్రాసు, బంగాళము, బొంబాయి రాజధానులకు వేరువేరు సైన్యములుండెడివి. 1895లో ఆ ఏర్పాటు పోయి సైన్యమంతయు ఒక్క యాజమాన్యము క్రిందికి వచ్చెను. అయినను మూడు సీమల పటాలములకు అవే అంకెలు మరల మరల ఉండుటచే గందరగోళమగుచుండెను. 1903లో కిచనరు సేనాని అన్నింటికిని ఒకే వరుస కట్టెను. మద్రాసు కాలిబంట్ల అంకెలకు అరువది చేర్చిరి. 13వ మద్రాసు పటాలము 73వ కర్ణాటక పటాలమైనది, 19వది 79వదైనది, 23వదైన వాలాజాబాదు పటాలము 83వదైనది, 26వది 86వదైనది. మరల 1922లో ఆ అంకెలును రద్దుచేసి, పటాలములను కొన్ని పెద్ద రెజిమెంట్లుగా కూర్చినపుడు మిగిలిన మద్రాసు కాలిబంట్లు 3వ మద్రాసు రెజిమెంటు పేర చేరిరి.

దీనివలన ప్రయోజనమేమనగా: ఒక గుండీమీద 83 అంకెయు, గుండ్రని కిరీటమును ఉన్నవనుకొందము. కిరీటము ఒక్కటే చెప్పినది 1901నుండి 1952వరకు, అనగా అర్ధశతాబ్ది. అంకె దానిని 1903నుండి 1922వరకు కుదించినది. అదే గుండీమీద 23 అంకెయు, క్రుంగిన కిరీటమును, మద్రాసు పేరును ఉన్నచో ఆ సిపాయి మొదటి ప్రపంచయుద్ధమునకు ముందుతరమువాడు. అతనికి జర్మనీ యుద్ధకథ అంటగట్టిన మనుమడు, తెలియక తాతకథకు ముత్తాత గుండీని సాక్ష్యము పెట్టినవాడగును.

మరియొక సంగతి. చిహ్నము దొరకకపోవుట కూడ ఒక సాక్ష్యమే. దక్షిణదేశమున యుద్ధములు సద్దుమణిగిన తరువాత, దొరలలో కొందరు వీరజాతులని, కానివని ప్రజలను విభజించిరి. 1881నుండి 1885వరకు మద్రాసు సేనాపతిగ నుండి, పిమ్మట యావద్భారత సేనాపతియైన రాబర్ట్సు దొర ఈ వాదమునకు పెద్ద అండ. 1897లో అచ్చయిన తన జీవితచరిత్రయందును మద్రాసు సిపాయి ఉత్తరదేశపు సిపాయికి సరిపోలడనియే వాదించెను. ఏ తెలుగు సిపాయిల పేరు దేశమునకంతకును సిపాయి పేరైనదో వారినే పనికిరారని త్రోసివేసిరి. పటాలములు ఒక్కొక్కటే తగ్గెను. తెలుగువారిని చేర్చుకొనుటయు క్షీణించెను. 1922లో ఏర్పడిన 3వ మద్రాసు రెజిమెంటులోని స్థిరపటాలములు సైతము 1928 నాటికి రద్దయినవి. మరల జపాను, జర్మనీల బెడద ముంచుకొని వచ్చినపుడు, 1941లో, అదే రెజిమెంటును తిరిగి లేపవలసి వచ్చినది. వీరజాతి సిద్ధాంతమును తోసిపుచ్చినది తర్కము కాదు, అవసరము. 1945లో పేరుముందు 3 అను అంకెను తీసివేసి మద్రాసు రెజిమెంటు అని మాత్రము వ్యవహరించిరి. కావున భుజపు బిళ్లమీద మద్రాసు పేరుతోపాటు 3 కూడ ఉన్నచో అది 1922-1945 నడుమది. మన పల్లెలనుండి పోయిన కాలిబంటు విషయమున సాధారణముగ 1941 తరువాతిదే యగును.

ఆ ఎడారికాలమున ఎడతెగక దక్షిణాదివారిని చేర్చుకొనినది బెంగుళూరిలోని శాపర్ల దళము. వంతెనలు కట్టుట, బాటలు వేయుట, కోటగోడలను పేల్చుట వారి పని. 1780లో పుట్టిన ఆ దళము నేడు మద్రాసు ఇంజనీరు గ్రూపు. దానికి పేర్లు పలుమార్లు మారినవి. మనకు అదియే లాభము. 1911లో 2వ క్వీన్ విక్టోరియాస్ ఓన్ శాపర్స్ అండ్ మైనర్స్ అనిరి. 1923లో 2 అను అంకెను తీసి మద్రాసు పేరును మరల చేర్చిరి. భుజముమీది ఇత్తడి అక్షరములలో 2 ఉన్నచో మొదటి యుద్ధపు కాలమనియు, అంకె లేక మద్రాసు ఉన్నచో 1923 తరువాత అనియు గ్రహింపవచ్చును. శాపరుల ఏనుగు కూడ అస్సాయి ఏనుగే.

ఇక బిళ్లను తిరుగవేసి చూడవలెను. అనుభవము లేనివాడు ముఖమునే చూచును. సేకరించువాడు వెనుకభాగమును ఎక్కువసేపు చూచును. ఉక్కు అచ్చుతో రేకును నొక్కి చేసిన బిళ్లకు ముందు ఎత్తైన చోట వెనుక పల్లముండును. గీతలు పదునుగ నుండును. ఇసుక మూసలో పోతపోసిన బిళ్ల బరువుగ, వెనుక గరుకుగ, సన్నని గుంటలతో నుండును. ఇంగ్లండు బిళ్లల విషయమున పోతపని సామాన్యముగ నకిలీకి గుర్తు. మన దేశమున ఆ సూత్రము చెల్లదు. యుద్ధకాలమున పటాలములకు కావలసిన బిళ్లలను ఇచటి కంచరులే ఇసుక మూసలలో పోసి ఇచ్చిరి. అట్టివి గరుకుగ నున్నను అసలైనవే. బిళ్లను తగిలించుటకు పాతకాలమున వెనుక రెండు కొక్కెపు చెవులుండెడివి. ఇరువదవ శతాబ్దారంభమునుండి బ్రిటిషు టోపీబిళ్లలకు నిలువుగ జారవేయు రేకుపట్టీ వాడుకలోనికి వచ్చినది. గుండీ వెనుక చేసినవారి పేరును, ఊరును అచ్చువేయు ఆచారము కలదు. లండను, బర్మింగుహాము పేర్లు తరచుగ కనబడును. అరిగిపోయిన ఎత్తులు, అరగని పల్లములు, పల్లములలో నల్లబడిన మురికి, ఇవియన్నియు వయసుకు సాక్షులు. చింతపండుతో తోమి తళతళలాడించినవాడు ఆ సాక్షులను చంపినవాడగును. పండుగనాడు చెంబులు తోమునట్లు పతకములు తోముట మనవారి అలవాటు. ఆ అలవాటునకు ఎన్ని అక్షరములు బలియైనవో లెక్కలేదు.

నకిలీల మాట వచ్చినది గనుక నేతాజీ సేనలను గూర్చి ఒక మాట. జర్మనీలో ఏర్పడిన భారతదళపు చేతిపట్టీమీద త్రివర్ణముపై దూకుచున్న పులియు, పైన జర్మను భాషలో స్వతంత్ర భారతమను మాటలును ఉండెను. ఆజాద్ హింద్ చిహ్నములకు అభిమానమువలన ధర మిక్కుటమైనందున వానికి నకళ్లు విస్తారముగ పుట్టినవి. కుటుంబపు పెట్టెలో, కాగితముతో సహా ఉన్నదానిని తప్ప, అంగడిలో దొరకినదానిని సులభముగ నమ్మరాదు.

1950 జనవరి 26 మన చిహ్నములకు పెద్ద గట్టు. ఆనాటితో కిరీటము పోయి అశోకుని సింహశిరస్సు వచ్చినది. మేజరు భుజముమీది కిరీటమునకు బదులు సింహము. అధికారుల పాత నక్షత్రమునకు బదులు అయిదు మొనల నక్షత్రము. రాయల్ అను విశేషణమును నాడే రాలిపోయినది. దీనివలన కొన్ని బిళ్లలకు ఆద్యంతములు రెండును ఖచ్చితముగ తెలియును. రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీసు కోరు, అనగా సరకుల రవాణా దళము, ఆ పేరుతో 1935నుండి 1950వరకు. భారత విమానదళము రాయల్ పేరుతో 1945నుండి 1950వరకు మాత్రమే. ఈ సంధికాలమును ఒకే బిళ్లలో చూపునది స్వాతంత్ర్య పతకము. 1947 ఆగస్టు 15 పేర ఇచ్చిన ఆ పతకమున ఒకవైపు అశోకచక్రము, దానిమీద బ్రిటిషు కిరీటము, వెనుకవైపు అశోకసింహములు. రిబ్బను కాషాయము, తెలుపు, ఆకుపచ్చ. దేశము స్వతంత్రమయ్యెను గాని ఇంకను గణతంత్రము కాలేదను మాటను ఆ పతకము నోరువిప్పకయే చెప్పును.

హోదాపేర్లును కాలము చెప్పును. ఒక్క నక్షత్రముగల దేశీయాధికారిని జమేదారు అనెడివారు. 1965లో ఆ పేరు నాయబు సుబేదారుగా మారెను. నక్షత్రము క్రింద ఎరుపు, పసుపు, ఎరుపు చారల పట్టీ యున్నచో అతడు జమేదారు, సుబేదారు తరగతివాడు. పట్టీ లేనిచో కమిషన్డు ఆఫీసరు. సుబేదారును లెఫ్టినెంటని చెప్పుకొను కుటుంబములు ఈ పట్టీని చూచిన చాలును. సుబేదారు గౌరవమునకు దానివలన లోపమేమియు లేదు, పటాలమును నడపువాడతడే.

గుడ్డచిహ్నములు త్వరగ చెదలపాలగును గాని, మిగిలినచో దారి చూపును. నల్లని దీర్ఘచతురస్రముపై ఎర్రని గ్రద్ద 4వ భారత డివిజనుది. ఆ సిపాయి ఉత్తరాఫ్రికా, ఇటలీ చూచినవాడు. నల్లపిల్లి 17వ డివిజనుది. అతడు బర్మా అడవులు తిరిగినవాడు. ఇవి రెండవ యుద్ధమునాటివి.

బిళ్లతోపాటు కాగితము దొరకినచో అదృష్టమే. డిశ్చార్జి పుస్తకములోని ఊరి చిరునామా మన ప్రాంతమున మంచి గడియారమువంటిది. ప్రకాశము జిల్లా ఒంగోలు జిల్లా పేరుతో 1970 ఫిబ్రవరిలో ఏర్పడుటకు ముందు పామూరు నెల్లూరు జిల్లా కనిగిరి తాలూకాలోనిది. మార్కాపురము, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివి. 1972లో జిల్లా పేరు ప్రకాశమైనది. కాగితముమీద నెల్లూరు జిల్లా పామూరు అని యున్నచో 1970కి ముందు. ఒంగోలు జిల్లా అని యున్నచో ఆ రెండు మూడేండ్లలోనే. రాష్ట్రము పేరు మద్రాసు అయినచో 1953 అక్టోబరుకు పూర్వము, ఆంధ్ర అయినచో 1953-56 నడుమ, ఆంధ్రప్రదేశ్ అయినచో 1956 నవంబరు తరువాత.

అన్నిటికంటె విలువగలది పతకము. దాని విలువ అంచులో నున్నది. మొదటి యుద్ధపు వెండిపతకమున అయిదవ జార్జి ముఖము, వెనుక గుర్రమునెక్కిన దిగంబరవీరుడు, 1914, 1918 అంకెలు. నారింజ రంగు నడుమ, ఇరుప్రక్కల తెలుపు, నలుపు, నీలము రిబ్బను. దానితో జంటగ వచ్చిన కంచుపతకమునకు ఇంద్రధనుస్సు రిబ్బను; వెనుక 1914-1919 అని యుండును. వెండిదానినే కొందరికి కంచుతో పోసి యిచ్చిరి. అవి కూలిదళములవారివి, తుపాకి పట్టక మూటలు మోసినవారివి. కంచైనదని దానిని నకిలీ యనుకొని పారవేయరాదు. దొరకుట అరుదు కూడను. వెండిది రెండున్నర తులములు దాటు బరువు. 1980 ప్రాంతమున వెండి ధర ఒక్కసారిగ పెరిగినపుడు ప్రపంచమందు అట్టివి లెక్కకుమిక్కిలి కరగిపోయినవి. కంసాలి మూసలో మన పల్లెల పతకములకును ఆ గతి పట్టుట సులభమే.

రెండవ యుద్ధపువి నక్షత్రములు. ఆరు మొనల కంచు నక్షత్రము నడుమ ఆరవ జార్జి అక్షరములు. 1939-45 నక్షత్రమునకు ముదురునీలము, ఎరుపు, లేతనీలము రిబ్బను. బర్మా నక్షత్రమునకు ముదురునీలము నడుమ ఎర్రచార, దాని కిరువైపుల నారింజచారలు. వెనుక భారతదేశపు పటము గలది ఇండియా సర్వీసు మెడలు; దానిమీద ఏ పరదేశమును లేదు, ఇచటనే కొలువు చేసినవానిది. 1965 యుద్ధపువి సమర్ సేవా స్టారు, రక్షా మెడలు. 1971వి పూర్వీ స్టారు, పశ్చిమీ స్టారు, సంగ్రామ్ మెడలు. తూర్పున బంగాళదేశమునకు పోయెనా, పడమట సరిహద్దున నిలిచెనా యన్నది ఆ నక్షత్రపు పేరే చెప్పును.

వృత్తాకారపు పతకపు అంచున, నక్షత్రమైనచో వెనుకవైపున, సన్నని అక్షరములలో సిపాయి నంబరు, హోదా, పేరు, దళము పొడిచియుండును. రెండవ యుద్ధమున ఇంగ్లండు సిపాయిల పతకములకు పేరు పొడువకయే పంచిపెట్టిరి. భారత సిపాయిలకు మాత్రము పొడిచి యిచ్చిరి. తెలుగుపేర్లు ఆంగ్లాక్షరములలో వంకరలు తిరిగియుండును, ఇంటిపేరు ఉండకపోవచ్చును. అందుచే నంబరే ముఖ్యము. దానిని కాగితముమీద ఉన్నదున్నట్లు, చుక్కతోసహా, ఎక్కించుకొనవలెను. వరుసగ కుట్టిన పతకములను విడదీసి అన్నదమ్ములు పంచుకొనుట ఎంత న్యాయముగ కనబడినను, చరిత్రకు అన్యాయము. ఒకే మనిషి రెండు యుద్ధములు చూచెనను సంగతి ఆ వరుసలో తప్ప మరెచటను లేదు.

మొదటి యుద్ధమున మద్రాసు శాపర్లు మెసొపొటేమియాకు, అనగా నేటి ఇరాకునకు, పోయి పోరాడిరి. ఆ రంగమున మరణించి సమాధి తెలియనివారికై బస్రాలో స్మారకము నిర్మించిరి. అందు అధికారుల పేర్లు రాతిపలకలపై చెక్కిరి. భారతీయులైన సామాన్య సిపాయిల పేర్లు చెక్కలేదు. దళము పేరు వ్రాసి, దాని క్రింద ఇంతమంది అని సంఖ్యమాత్రము వేసిరి. అట్టి సిపాయి పతకము అతని యింటికి వచ్చి యుండినచో, అతని పేరు చెక్కబడిన లోహము ఆ అంచు మాత్రమే.